కాళ్ల ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఆరు వారాలు, ఆపైన ఏడాది

మీరు రాసింది రెండు మూడుసార్లు చదివాను. అమ్మాయికి 14 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాల కదలిక అదుపు తప్పే స్థితి), రెండు కాళ్లూ బిగుసుకుని మునివేళ్ల మీద నడుస్తుంది, మాటలు పది పదిహేనుకు మించి రావు, అప్పుడప్పుడు ఫిట్స్. వచ్చే నెల మోకాళ్ల వెనక, మడమల దగ్గర పట్టేసిన కండరాలు సాగదీసే ఆపరేషన్, తర్వాత ఆరు వారాలు పిండికట్టు. మీవారు ఊళ్లో ఉండరు, ఇంట్లో మీరూ అత్తగారూ. "తను తట్టుకుంటుందా, నేను చూసుకోగలనా" అని అడిగారు.

మా అమ్మాయికి ఇదే ఆపరేషన్ ఐదేళ్ల కిందట అయింది, అప్పుడు తనకూ 14. మేం ఖమ్మంలో ఉంటాం, ఆపరేషన్ హైదరాబాద్‌లో చేయించాం. నేను డాక్టర్‌ని కాదు, మందు ఎంత వేయాలో చెప్పను, అది మీ డాక్టర్ బరువు చూసి రాయాల్సిందే. ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం చెప్పగలను, ఎందుకంటే ఆ ఏడాదిలో ప్రతి రాత్రీ నాకు గుర్తుంది.

అన్నిటికంటే ముందు నొప్పి గురించి చెప్తాను. మీకు పనికొచ్చేది ఇంకేదీ లేకపోయినా ఇదొక్కటి పట్టుకోండి.

ఆపరేషన్ అయిన రోజు రాత్రి మా అమ్మాయి కదలకుండా, కళ్లు మూసుకుని పడుకుంది. డ్యూటీలో ఉన్న సిస్టర్ చూసి "హాయిగా నిద్రపోతోందమ్మా, మీరూ పడుకోండి" అంది. నేను దుప్పటి సర్దబోయి చెయ్యి పట్టుకుంటే బొటనవేలు గుప్పిట లోపల పెట్టుకుని బిగించేసింది, గోళ్లు అరచేతిలో దిగిపోయాయి. మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ అంతే. చిన్న నొప్పికి అరుస్తుంది, పెద్ద నొప్పికి నోరు మూసుకుంటుంది. చెవి పోటొచ్చినప్పుడు రెండు రోజులు ఇలాగే గుప్పిట బిగించి కూర్చుంది. అది నాకు తెలుసు, సిస్టర్‌కి ఎలా తెలుస్తుంది? వెళ్లి చెప్పాను, "ఏడవడం లేదు కదమ్మా" అంది. మళ్లీ వెళ్లాను. మూడోసారి వెళ్లి డ్యూటీ డాక్టర్ వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. ఆయన వచ్చి నాడి చూసి, చాలా వేగంగా కొట్టుకుంటోందని చెప్పి ఇంజెక్షన్ రాశారు. అరగంటలో గుప్పిట విడిపోయింది, అప్పుడు నిజంగా నిద్రపోయింది. ఆ మూడు గంటలు తను అంత నొప్పి ఓర్చుకుందన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అందుకే మీరు ఈ వారంలోనే ఒక తెల్ల కాగితం తీసుకుని రాయండి. మామూలుగా ఉన్నప్పుడు మీ అమ్మాయి ఎలా ఉంటుంది, ఆకలేస్తే ఏం చేస్తుంది, భయమేస్తే ఏం చేస్తుంది, నొప్పి కొద్దిగా ఉంటే ఏం చేస్తుంది, బాగా ఉంటే ఏం చేస్తుంది. పంటి నొప్పి వచ్చినప్పుడు, నెలసరి నొప్పి అప్పుడు ఎలా ఉందో గుర్తు తెచ్చుకుని రాయండి. మాట చెప్పలేని పిల్లల నొప్పి కొలవడానికి ఆసుపత్రుల్లో 'ఫ్లాక్' అనే పద్ధతి ఒకటి వాడతారు. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం, ఈ ఐదింటికీ సున్నా నుంచి రెండు చొప్పున పదికి మార్కులు వేస్తారు. అందులో కాళ్లు బిగపట్టడం, తన్నడం నొప్పికి గుర్తు. మన పిల్లల కాళ్లు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి కదా, మరి దాన్నెలా లెక్కపెడతారు? అందుకనే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం దాన్ని సవరించి, తల్లిదండ్రులు చెప్పే సొంత గుర్తులు కూడా చేర్చుకునేలా చేశారు. మీ కాగితం అక్కడ పనికొస్తుంది. రెండు జిరాక్సులు తీయించి ఒకటి కేస్ షీట్‌లో పెట్టమనండి, ఒకటి మంచం తల దగ్గర అతికించండి. రాత్రి డ్యూటీ మారినప్పుడు కొత్త సిస్టర్‌కి మీరే వెళ్లి చూపించండి. మొహమాటపడకండి, విసుక్కున్నా పర్వాలేదు.

ఇక ఆపరేషన్‌కి ముందు సంగతులు. పిల్లకు చెప్పాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చే జరుగుతుంది, మా ఇంట్లోనూ జరిగింది. "దానికేం అర్థమవుతుంది, షాపింగ్‌కని తీసుకెళ్దాం" అన్నారు మా పెద్దవాళ్లు. అలా చేయకండి. 14 ఏళ్ల పిల్ల, మాటలు రానంత మాత్రాన ఏమీ తెలియదని కాదు, మోసం చేశారని మాత్రం బాగా తెలుస్తుంది. ఆ తర్వాత ఫిజియో చేయించాలన్నా, మందు మింగించాలన్నా మిమ్మల్ని నమ్మదు. మేం వారం ముందు చెప్పాం. ఇంకా ముందు చెబితే రోజూ బెంగ పెట్టుకుంటుందని నాకు తెలుసు, మీ అమ్మాయి సంగతి మీకు తెలుస్తుంది. బొమ్మ కాళ్లకు పాత చీర గుడ్డ చుట్టి కట్టు చూపించాను. ఆసుపత్రి గేటు, లిఫ్ట్, మంచం, మాస్కు పెట్టుకున్న డాక్టర్, అన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసి వరసగా చూపించాను. నొప్పి ఉంటుంది, అమ్మ పక్కనే ఉంటుంది, మందు ఇస్తారు, తగ్గుతుంది అని చెప్పాను. నొప్పి ఉండదని చెప్పలేదు. మత్తు ఇచ్చేదాకా థియేటర్ లోపలికి మిమ్మల్ని రానిస్తారేమో అడగండి. కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, అడగనిదే ఎవరూ చెప్పరు.

మందుల విషయం జాగ్రత్తగా వినండి. ఫిట్స్ మందు ఆపరేషన్ రోజు కూడా ఆగకూడదు. ఏమీ తినొద్దు, తాగొద్దు అన్నారని చాలామంది పొద్దుటి మాత్ర మానేస్తారు, అప్పుడే ఫిట్స్ వచ్చే ప్రమాదం. గుక్కెడు నీళ్లతో వేయొచ్చా అని మత్తు డాక్టర్‌ని ముందే అడిగి, ఆయన చెప్పింది రాయించుకోండి. బిగుతు తగ్గడానికి బాక్లోఫెన్ వాడుతుంటే అదీ ఒక్కసారిగా ఆపే మందు కాదు. ఆపితే బిగుతు ఒక్కసారిగా పెరగొచ్చు, ఫిట్స్ కూడా రావొచ్చు. ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ అనే మందు వాడుతుంటే రక్తం గడ్డకట్టే విషయంలో తేడా రావొచ్చు, అందుకు పరీక్షలు చేశారా అని అడగండి. నొప్పికి ట్రమడాల్ రాస్తే "మా అమ్మాయికి ఫిట్స్ ఉన్నాయి, ఇది ఇవ్వొచ్చా" అని తప్పకుండా అడగండి, ఆ మందు ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. ఇవన్నీ వాళ్లకు తెలిసినవే. కానీ ఎముకల డాక్టర్ ఒకరు, ఫిట్స్‌కి చూసే డాక్టర్ ఒకరు, మత్తు డాక్టర్ ఇంకొకరు, ముగ్గురికీ మధ్య ఫైలు పట్టుకుని తిరిగేది మనమే కదా.

ఇంటికొచ్చాక మొదటి పది రోజులు కష్టం. నొప్పి కంటే కండరాలు పట్టేయడం ఎక్కువ బాధ పెడుతుంది. కంటి మీద కునుకు పడగానే కాలు ఒక్క ఉదుటున ఎగిరిపడుతుంది, కట్టు లోపల ఎగరడానికి చోటు లేక పిల్ల కెవ్వుమని లేస్తుంది. మా అమ్మాయికి రాత్రికి ఏడెనిమిది సార్లు అయ్యేది. దానికి విడిగా మందు ఉంటుంది, డిశ్చార్జి అయ్యే ముందే అడిగి రాయించుకోండి, లేకపోతే అర్ధరాత్రి ఫోన్లు చేసుకోవాలి. నొప్పి మందు కూడా ఏడ్చినప్పుడల్లా ఇచ్చేది కాదు, మొదటి కొన్ని రోజులు డాక్టర్ రాసిన టైముకి, పిల్ల బాగానే ఉన్నా సరే ఇవ్వాలి. నొప్పి ముదిరాక దించడం చాలా కష్టం. ఇంకో మాట, మన పిల్లలు చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు, ఉలిక్కిపడితే కండరం పట్టేస్తుంది. అందుకని మంచం పక్కన కుక్కర్ విజిల్ వినపడకుండా తలుపు వేసేవాళ్లం. చెయ్యి వేసేముందు "అమ్మనే, ఇప్పుడు కాలు ఎత్తుతున్నా, ఒకటి, రెండు, మూడు" అని చెప్పి మరీ ఎత్తేదాన్ని. ఈ ఒక్క అలవాటుతో సగం అరుపులు తగ్గాయి.

కట్టు గురించి నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. అది మే నెల, ఖమ్మం ఎండలు తెలుసు కదా. కూలర్ పెట్టినా లోపల చెమట, దురద. మంచం మీదే మరమరాలు తింటుంటే నేను పట్టించుకోలేదు. నాలుగు రోజులకి కుడికాలు కట్టు పైఅంచు తడుముతూ ఏడవడం మొదలుపెట్టింది. దురద అనుకుని ఊరుకున్నాను. రెండు రోజులు పోయాక కట్టు అంచు దగ్గర వాసన వచ్చింది. హైదరాబాద్ తీసుకెళ్తే కట్టుకు కిటికీలా కోసి చూశారు. నాలుగైదు మరమరాలు లోపలికి జారి, చెమటకు నాని ఎండి గట్టిపడి, తొడ వెనక రూపాయి బిళ్లంత పుండు చేశాయి. మానడానికి మూడు వారాలు పట్టింది. తినేటప్పుడు కట్టు అంచుల మీద తువ్వాలు కప్పండి. దురదకు చీపురుపుల్ల, స్కేలు, అల్లిక సూది ఏదీ లోపల పెట్టనివ్వకండి, మీ అత్తగారికీ ముందే చెప్పండి, జాలిపడి పెట్టేస్తారు. పౌడర్ కూడా వద్దు. హెయిర్ డ్రయర్‌ని చల్లగాలి మీద పెట్టి అంచు నుంచి ఊదండి, చాలు.

రోజుకు మూడుసార్లు కాలివేళ్లు చూడండి. వెచ్చగా ఉన్నాయా, రంగు మామూలుగా ఉందా. గోరు నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, బాగా ఉబ్బినా, వేళ్లను మెల్లగా పైకి వంచితేనే ప్రాణం పోయేంతగా అరుస్తున్నా, మందు ఇచ్చినా నొప్పి పెరుగుతూనే ఉన్నా రేపటిదాకా ఆగొద్దు, ఎంత రాత్రయినా సరే దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లిపోండి. లోపల వాపు పెరిగి రక్తం ఆడకపోతే గంటల్లోనే కండరం చచ్చిపోతుంది. కట్టు లోపలి నుంచి వాసన, తడి, ఒకేచోట మంట, కారణం తెలియని జ్వరం, వీటికైతే ఆ రోజే ఫోన్ చేయండి.

మడమలు దిండు మీద ఆనకూడదు. పిక్కల కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడండి. రెండు గంటలకోసారి ఒత్తిగిలించండి, రాత్రి కూడా. నేను ఫోన్‌లో అలారం పెట్టుకునేదాన్ని, తెల్లవారుజామున మాత్రం మావారు లేచేవారు. మీకు మీవారు దగ్గర లేరు కాబట్టి మొదటి రెండు వారాలైనా సెలవు పెట్టి రమ్మనండి. ఇది అడగడానికి సంకోచించాల్సిన విషయం కాదు. రెండు కాళ్లకు కట్లతో 14 ఏళ్ల పిల్లను ఒక్కరూ ఎత్తలేరు, ఎత్తకూడదు కూడా. నేను ఒక్కదాన్నే ఎత్తి నడుం పట్టేసి నాలుగు రోజులు మంచం ఎక్కాను, అప్పుడు తనను చూసేవాళ్లు లేక మా చెల్లెలు ఉద్యోగం మానుకుని రావాల్సి వచ్చింది. నడుము కింద మందపాటి దుప్పటి మడిచి వేసి, ఇద్దరూ చెరో వైపు పట్టుకుని ఎత్తండి.

హైదరాబాద్ నుంచి ఖమ్మం దాదాపు 200 కిలోమీటర్లు. మోకాళ్లు వంగవు కాబట్టి ఆటోలో అసలు కుదరదు, చిన్న కారులోనూ ముందు సీట్లో పట్టదు. వెనక సీటు మీద అడ్డంగా, వీపుకు దిండ్లు పెట్టి, బెల్టు వేసి కూర్చోబెట్టాం. పెద్ద బండి మాట్లాడుకోండి. కాళ్లు చాపి పెట్టుకునే వీల్‌చైర్, బెడ్‌పాన్, కమోడ్ కుర్చీ, ఇవి కొనక్కర్లేదు, ఆసుపత్రుల దగ్గర మెడికల్ షాపుల్లో అద్దెకు దొరుకుతాయి. డిశ్చార్జికి ముందే ఇంట్లో ఉండాలి.

కదలిక లేక, మందుల వల్ల మలబద్ధకం చాలావరకు వస్తుంది. మూడు రోజులు గడిచాక చూద్దాం అనుకోకండి, మొదటి రోజు నుంచే దానికి సిరప్ అడగండి, నీళ్లు, మజ్జిగ, బొప్పాయి ఇవ్వండి. కడుపు బిగిస్తే కాళ్లు కూడా బిగుస్తాయి. మేం రెండు రోజులు కాళ్ల నొప్పి అనుకున్నది తీరా చూస్తే కడుపు నొప్పి.

నెలసరి గురించి ఎవరూ చెప్పరు. మాకు రెండో వారంలో వచ్చింది. తొడల దాకా కట్టు, కాళ్ల మధ్య చోటు తక్కువ, ప్యాడ్ నిలవదు. నేను పెద్దవాళ్ల డైపర్ లోపల ప్యాడ్ పెట్టి, కట్టు అంచుల చుట్టూ ప్లాస్టిక్ కవర్ మడిచి టేపు వేసి, నాలుగు గంటలకోసారి మార్చాను. తేదీ లెక్క చూసుకుని ఆపరేషన్ రోజు ముందూ వెనకా జరిపే వీలుంటే డాక్టర్‌తో చెప్పండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ సమయంలో మా ఆడపడుచు వాళ్లు చూడటానికి వచ్చారు, వాళ్ల ముందే మార్చబోతే మా అమ్మాయి దుప్పటి రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. అప్పుడు వెలిగింది నాకు. అందరం పాప, పాప అంటాం, కానీ తను పెద్దపిల్ల. ఆ రోజు నుంచి తలుపు వేయకుండా, బయటివాళ్లను పంపకుండా ఏదీ మార్చలేదు. వార్డులో ఉన్నప్పుడు కూడా తెర లాగమని అడగండి, మగ అటెండర్ వస్తే ఆడవాళ్లను పంపమనండి.

చూడటానికి వచ్చేవాళ్ల విషయంలో కఠినంగా ఉండండి. "అయ్యో, ఇంత కష్టం ఎందుకు పెట్టారు దీనికి, ఎలాగూ..." అని పిల్ల ముందే అంటారు. తను వింటుంది. మా ఇంట్లో అలా అన్నవాళ్లను మావారు మర్యాదగానే హాల్లోకి తీసుకెళ్లి టీ ఇచ్చి పంపేసేవారు.

కట్టు విప్పే రోజు గురించి. రంపం చప్పుడు భయంకరంగా ఉంటుంది. అది తిరగదు, అదురుతుంది అంతే, అందుకే మామూలుగా చర్మం తెగదు, కానీ పిల్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? చెవుల్లో దూది, పైన పాటలు పెట్టిన హెడ్‌ఫోన్లు పెట్టాం. కట్టు విప్పాక కాళ్లు చూసి మీరు ఏడవకండి. పుల్లల్లా సన్నబడి, చర్మం పొలుసులు పొలుసులుగా ఉంటుంది. రుద్దకండి, గోరువెచ్చటి నీళ్లు, కొబ్బరినూనె చాలు. ఆరు వారాలు కదలకపోవడంతో ఎముకలు కూడా బలహీనపడి ఉంటాయి. మోకాలు వంగడం లేదని ఇంట్లో బలవంతంగా వంచితే ఎముక విరిగే ప్రమాదం ఉంది. మర్దన చేస్తామని వచ్చేవాళ్లకు అసలు చెయ్యి వేయనివ్వకండి. ఫిజియో చూపించినంతే చేయండి.

ఇక్కడే చాలామంది కుంగిపోతారు. ఆపరేషన్‌కి ముందు గోడ పట్టుకుని పది అడుగులు వేసిన పిల్ల, కట్టు తీసిన నెలకు నిలబడలేదు. "ఉన్నదీ పోయిందా" అని నేను బాత్‌రూమ్‌లో కూర్చుని ఏడ్చేదాన్ని. పోలేదు. బిగుతు పోయాక కండరం కొత్తగా బలం పుంజుకోవాలి. మాకు మూడో నెలలో గైటర్లు (మోకాలు వంగకుండా కట్టే పట్టీలు) కట్టుకుని నిలబడింది, ఐదో నెలలో ఏఎఫ్‌ఓలు (మడమ, పాదం నిలబెట్టే ప్లాస్టిక్ తొడుగులు) వేసుకుని వాకర్‌తో నడిచింది, పాత నడకను దాటడానికి పది నెలలు పట్టింది. మీ అమ్మాయి లెక్క వేరుగా ఉండొచ్చు, ఏడాది అయితేగానీ ఫలితం తేల్చకండి. రాత్రి వేసుకోమన్న స్ప్లింట్లు మానేస్తే మాత్రం ఎదిగే వయసు కాబట్టి మళ్లీ పట్టేస్తుంది.

మూడో నెలలో మా అమ్మాయి ఫిజియోకి ఎదురుతిరిగింది. ఫిజియో సార్ చెప్పుల చప్పుడు వినగానే మొహం గోడకు తిప్పేసేది, ఒకసారి కొరికింది కూడా. తిట్టాను, బతిమాలాను, చాక్లెట్లు ఇచ్చాను, ఏదీ పనిచేయలేదు. చివరికి ఆయనే ఒక దారి చెప్పారు. మూడు వ్యాయామాల ఫొటోలు ముందు పెట్టి ఏది ముందో తననే చూపించమన్నారు. ఎర్ర బంతి ఒకటి చేతికిచ్చి, అది కింద పడేస్తే వెంటనే ఆపేస్తానన్నారు. మొదటి రోజు పన్నెండుసార్లు పడేసింది. పన్నెండుసార్లూ ఆయన ఆపారు. పదిరోజులకు బంతి ఒళ్లో పెట్టుకుని పడేయకుండానే పూర్తిచేసింది. నిద్ర, తిండి పూర్తిగా మారిపోయి, ఇష్టమైనవి కూడా వద్దంటూ రెండు వారాలు దాటితే మానసిక వైద్యులకు చూపించండి, మన పిల్లలకూ డిప్రెషన్ వస్తుంది.

ఖర్చు సంగతి. యూడీఐడీ కార్డు (వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) ఉంటే సరే, లేకపోతే ఇప్పుడే అప్లై చేయండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా సెరిబ్రల్ పాల్సీకి వర్తిస్తుంది, ఏడాదికి లక్ష వరకు, అందులో వైకల్యానికి చేసే ఆపరేషన్లకీ థెరపీలకీ విడివిడి పరిమితులు ఉంటాయి. బిల్లులు, ప్రిస్క్రిప్షన్లు ఒరిజినల్స్ జాగ్రత్త చేయండి. మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉందేమో కనుక్కోండి, అక్కడ ఈ పిల్లలకు చెప్పే ఐఈఆర్పీ టీచర్‌ని కలిసి, ఆపరేషన్ తర్వాత స్కూలుకు రాలేదు కాబట్టి ఇంటికొచ్చి చెప్పే ఏర్పాటు, కేంద్రంలో ఫిజియో రోజులు అడగండి. మాకు ఆ టీచరమ్మ వారానికో రోజు వచ్చేది, మా అమ్మాయి ఆ రోజు పొద్దున్నే జడ వేయమని దువ్వెన తెచ్చి ఇచ్చేది.

ఏడాది చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్ నన్ను "ఇంకా నొప్పి ఉందా" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని లాగి, తన కుడి మడమ చూపించి "కొంచెం" అంది. ఆ మాట తనకు అంతకుముందు రాదు.

మీ అమ్మాయి వాడే మందుల పేర్లు, ఆపరేషన్ తేదీ, ఏ ఏ చోట్ల చేస్తామన్నారో రాయండి. మత్తు డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలు నా దగ్గర ఉన్న కాగితం చూసి పంపిస్తాను.